చైనుకు నూనె పెట్టే చేయి: స్పోర్ట్ టూరింగ్ మోటారుసైకిలు చరిత్ర

మోటారుసైకిళ్ళ చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఇంజిన్ల చరిత్రగానూ పందేల చరిత్రగానూ నడుస్తాయి. ఏ సంవత్సరంలో ఏ కంపెనీ ఎన్ని సిలిండర్ల బండిని తెచ్చింది, ఏ పందెంలో ఎవరు గెలిచారు అన్న లెక్కలే వాటిలో ఎక్కువగా కనిపిస్తాయి. స్పోర్ట్ టూరింగ్ అని పేరుపడిన తరగతి విషయంలో ఆ పద్ధతి చాలదు. పందెపు బండికి దగ్గరగా వచ్చే వేగమూ, మలుపుల్లో వాలి తిరిగే ఒడుపూ ఉండి, అదే సమయంలో ఇద్దరు మనుషులను వారి సామానుతో సహా రోజుకు 500, 600 కి.మీ. చొప్పున వారం పది రోజుల పాటు అలసట లేకుండా మోయగల బండిని ఆ పేరుతో పిలుస్తారు. ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి అడ్డుపడేవే కనుక అవి ఒకే బండిలో కుదరడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది, ఆ ఆలస్యానికి కారణం ఇంజిన్లలో లేదు. 1924 నాటికే ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో జార్జ్ బ్రఫ్ తయారుచేసిన ఎస్ఎస్ 100 బండి, గంటకు 100 మైళ్ళు, అంటే 160 కి.మీ. అందుకుంటుందన్న హామీతో అమ్ముడైంది. కరువైనదల్లా ఆ వేగాన్ని రోజుల తరబడి నిలబెట్టే తేలికైన నిర్వహణ, సామాను పెట్టుకునే చోటు, ఎదురుగాలి నుంచి రక్షణ. ఈ మూడూ ఒక్కొక్కటిగా నడిపేవాడి చేతుల్లోంచి కర్మాగారం చేతుల్లోకి ఎలా వెళ్ళాయన్నదే ఈ తరగతి బండ్ల అసలు చరిత్ర.

మొదట చెప్పుకోవలసింది చైను. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సు దగ్గరి చిన్న పళ్ళచక్రం నుంచి వెనుక చక్రానికున్న పెద్ద పళ్ళచక్రానికి చేర్చే ఈ గొలుసు, మాంచెస్టర్‌లో స్థిరపడిన స్విట్జర్లాండు ఇంజినీరు హాన్స్ రెనాల్డ్ 1880లో పేటెంటు పొందిన రూపాన్నే నేటికీ నిలుపుకొని ఉంది. దాని ప్రతి కీలులోనూ ఒక ఉక్కు పిన్ను, దాన్ని చుట్టి ఒక గొట్టం, ఆ గొట్టంపై తిరిగే రోలరు ఉంటాయి. పిన్నుకూ గొట్టానికీ నడుమ కందెన, అంటే రాపిడిని తగ్గించే నూనె లేదా గ్రీజు, ఉన్నంతకాలం చైను మన్నుతుంది, అది ఆరిపోయిన రోజు నుంచి ఇనుమును ఇనుమే తింటుంది. మెకానిక్కులు దీన్ని చైను సాగడమని అంటారు గాని పైపలకలు నిజానికి సాగవు, కీళ్ళు అరుగుతాయి. నూటపది లింకులున్న చైనులో ఒక్కొక్క కీలు 0.05 మి.మీ. మాత్రమే అరిగినా మొత్తం పొడవు 5.5 మి.మీ. పెరుగుతుంది, అలా పెరిగిన చైను పళ్ళచక్రం పళ్ళ ఎడానికి సరిపడక వాటిని కొక్కేల్లాగా అరగదీస్తుంది, అలా అరిగిన పళ్ళు కొత్తగా వేసిన చైనును కూడా త్వరగా పాడుచేస్తాయి. చైను ఒక్కటే మార్చకుండా పళ్ళచక్రాలతో కలిపి సెట్టు మార్చాలని మెకానిక్కులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

1950, 60ల బ్రిటిష్ బండ్లలో చాలావాటికి చైను తెరిచే ఉండేది, పైన ఒక రేకు మాత్రమే అడ్డం. వానా, దుమ్మూ, చక్రం చిమ్మే బురదా నేరుగా దాని మీదే పడేవి. అందువల్ల దూరం వెళ్ళదలచిన మనిషి ప్రయాణానికి ముందు చేసే పని వంట లాగానే ఉండేది. చైను రెండు కొసలనూ కలిపే లింకు మీది స్ప్రింగు క్లిప్పును ఊడదీసి, చైనును పూర్తిగా బయటికి లాగి, కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో రుద్ది కడిగి, ఆరబెట్టి, గ్రాఫైటు కలిపిన గట్టి గ్రీజున్న వెడల్పాటి రేకు డబ్బాలో చుట్టగా పెట్టి, ఆ డబ్బాను పొయ్యి మీద సన్నని సెగన ఉంచేవారు. గ్రీజు కరిగి పలచనై కీళ్ళలోకి దిగుతుంటే లోపలి గాలి బుడగలుగా పైకి వచ్చేది. బుడగలు ఆగిపోతే కీళ్ళన్నీ నిండినట్టు. అప్పుడు తీగతో చైనును పైకెత్తి వేలాడదీసి, కారవలసిన గ్రీజు కారనిచ్చి, పైపైన తుడిచి తిరిగి బిగించేవారు. బిగించేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకే ఉండాలన్నది పని నేర్చుకునే ప్రతి కుర్రవాడికీ మొదటి పాఠం, ఎందుకంటే తెరిచిన కొస ముందుకుంటే అది దేనికైనా తగిలి ఊడిపోతుంది, ఊడిన చైను చుట్టుకొని వెనుక చక్రం నడిరోడ్డు మీద బిగుసుకుపోవచ్చు.

చైనును పూర్తిగా మూసేస్తే ఈ శ్రమంతా తగ్గుతుందన్న సంగతి తయారీదారులకు తెలియనిది కాదు. తూర్పు జర్మనీలో చోపావ్ పట్టణపు ఎంజెడ్ కర్మాగారం తన బండ్ల చైనుకు పైనా కిందా ముడతల రబ్బరు గొట్టాలు తొడిగి, పళ్ళచక్రాన్ని కూడా మూతలో దాచి, దాన్ని దుమ్ముకూ నీటికీ అందకుండా చేసింది. మన దేశంలో 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కు ఉన్న నిండు చైన్ కవరు కూడా అదే సూత్రం మీద పుట్టినది. పొలంగట్ల మీదా మట్టిబాటల మీదా తిరిగిన ఆ తరగతి బండ్లకు చైను సేవ అరుదుగా అవసరపడటంలో ఆ కవరు పాత్ర చాలా ఉంది. ఇంత ఉపయోగకరమైన సంగతిని ఖరీదైన దూరప్రయాణపు బండ్లు పట్టించుకోకపోవడానికి యాంత్రిక కారణం కన్నా రూపం మీది మోజే పెద్ద కారణమని చెప్పక తప్పదు. వాటికి పరిష్కారం రెండు ఇతర దారుల్లో వచ్చింది. 1970లలో వచ్చిన ఓ-రింగు చైనులో, పిన్నుకూ గొట్టానికీ నడుమ గ్రీజును కర్మాగారంలోనే నింపి, పలకల మధ్య సన్నని రబ్బరు ఉంగరాలతో మూసేశారు. అటువంటి చైనుకు బయటినుంచి వేసే నూనె రోలర్లనూ రబ్బరునూ కాపాడటానికే తప్ప కీలు లోపలికి చేరదు, పెట్రోలుతో కడిగితే ఆ రబ్బరు దెబ్బతిని లోపలి గ్రీజు కూడా పోతుంది. రెండవది 1980లలో స్కాట్లాండులో పుట్టిన స్కాటాయిలర్. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు ఏర్పడే పీడనలోపంతో తెరుచుకునే చిన్న కవాటం ద్వారా, బండి నడుస్తున్నంతసేపూ వెనుక పళ్ళచక్రం మీద చుక్క చుక్కగా నూనె పడేలా చేసే పరికరం ఇది.

చైను విషయంలో సామానుకు సంబంధించిన మరొక సూక్ష్మం ఉంది. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి, అంటే స్వింగార్మ్, గుంతల్లో పైకీ కిందికీ ఊగుతుంటే చైను బిగువు మారుతూ ఉంటుంది. ముందు పళ్ళచక్రం, ఆ చేతి కీలు, వెనుక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. ఖాళీ బండి మీద చైనును గట్టిగా లాగి బిగించి, ఆపైన నిండు పెట్టెలూ వెనుక మనిషీ ఎక్కితే స్ప్రింగులు కుంగి బండి సరిగ్గా ఆ గీత దగ్గరికి చేరుతుంది, ఆ బిగుతు గేర్‌బాక్సు బేరింగును చీల్చుకు తింటుంది. చైను కాస్త వదులుగా ఉంటే దోషం కొద్దిగా, మరీ బిగుతుగా ఉంటే దోషం చాలా అన్న అనుభవజ్ఞుల తీర్పు ఈ కొలత నుంచి పుట్టినదే.

చైనునే లేకుండా చేయాలన్న ఆలోచన కూడా చాలా పాతది. బెల్జియంలో లీజ్ నగరం పక్కనున్న ఎఫ్ఎన్ ఆయుధ కర్మాగారం 1905లోనే నాలుగు సిలిండర్ల బండికి చైను బదులు తిరిగే ఇరుసును, అంటే షాఫ్టును అమర్చింది. 1923లో మాక్స్ ఫ్రిట్జ్ రూపొందించిన బీఎండబ్ల్యూ ఆర్ 32 ఆ పద్ధతిని తన కంపెనీకి శాశ్వత లక్షణంగా చేసింది. రెండు సిలిండర్లు చెరొకవైపు చేతులు చాచినట్టు ఉండే ఆ ఇంజిన్ తిరిగే దిశ షాఫ్టుకు సహజంగా అమరుతుంది కాబట్టి శక్తిని మధ్యలో మలపవలసిన అవసరం తగ్గింది. షాఫ్టు మూసిన గొట్టంలో ఉంటుంది, వెనుక చక్రం దగ్గరి గేర్లు నూనెలో మునిగి తిరుగుతాయి. నడిపేవాడు చేయవలసిందల్లా నియమిత దూరానికి ఆ నూనె మార్చడం. వర్షంలో ఆల్ప్స్ కనుమలు దాటి రాత్రికి బసకు చేరినవాడు బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చోనక్కరలేదన్నది చిన్న సుఖం కాదు.

ఆ సుఖానికి తగిన మూల్యం నడకలో చెల్లించవలసి వచ్చింది. షాఫ్టు చివర గేరు వెనుక చక్రాన్ని తిప్పేటప్పుడు ఎదురుగా పుట్టే బలం బండి వెనుక భాగాన్ని పైకి లేపుతుంది, ఆక్సిలరేటరు వదలగానే అది కిందికి కూలబడుతుంది. ఈ లేవడం కుంగడం చూసి జర్మన్లు బీఎండబ్ల్యూలకు రబ్బరు ఆవు అన్న అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టుకున్నారు. మలుపు మధ్యలో భయపడి ఆక్సిలరేటరు మూసేసినవాడి బండి, నేల నుంచి ఎత్తు అత్యవసరమైన ఆ క్షణంలోనే కిందికి కుంగేది. అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించుకొని, లోపల మాత్రం ఆక్సిలరేటరును సన్నగా, స్థిరంగా తెరిచి ఉంచే నడక అలవాటైంది. బీఎండబ్ల్యూ 1980లో ఒంటిచేతి అమరికనూ, 1987లో పారాలీవర్ అనే రెండు కీళ్ళ అమరికనూ తెచ్చిన తరువాత ఈ గుణం చాలావరకు అణగిపోయింది, అది నేర్పిన నడక మాత్రం పోలేదు.

ఆ నడకకు శాస్త్రరూపం ఇచ్చినవారు బ్రిటిష్ పోలీసులు. లండన్ పోలీసుల హెండన్ డ్రైవింగు పాఠశాలలో 1930లలో కాటెన్‌హామ్ ప్రభువు మార్గదర్శకత్వంలో రూపుదిద్దుకొన్న పద్ధతి 1955లో రోడ్‌క్రాఫ్ట్ అన్న పుస్తకంగా వెలువడింది, మోటారుసైకిళ్ళకు వేరే పుస్తకం కూడా వచ్చింది. అందులోని కీలకమైన సూత్రం, రోడ్డుపై తన వైపున ఖాళీగా కనిపిస్తున్న మేరలోపల ఆగగలిగినంత వేగంతోనే వెళ్ళడం. మలుపులో రోడ్డు రెండు అంచులూ దూరాన కలిసినట్టు కనిపించే బిందువును గమనిస్తూ, అది మనిషి వైపుకు దగ్గరవుతుంటే వేగం తగ్గించి, దూరంగా జరుగుతుంటే పెంచి, స్థిరంగా ఉంటే ఉన్న వేగాన్నే నిలపాలని అది నేర్పుతుంది. సామాను నిండిన బండికి ఇంతకన్నా నమ్మదగిన వేగమాపకం మరొకటి లేదు.

సామాను సంగతికి వస్తే, తెలుగులో పెరికె అన్న పాతమాట ఒకటి ఉంది. ఎద్దు మీదనో గాడిద మీదనో ఇరుపక్కలా సమానంగా వేలాడేలా వేసే జోడు గోనెసంచికి ఆ పేరు. పెరికెలో ఒకవైపు బరువు ఎక్కువైతే జంతువు నడక చెడుతుంది, సంచి వెన్నుపైకి ఎక్కువగా లేచినా చెడుతుంది. కావడి మోసేవాడికీ అదే నియమం. ఇంగ్లీషులో మోటారుసైకిలు పక్కపెట్టెకు నేడు వాడే పన్నియర్ అన్న మాట కూడా గాడిదలపై వేసే బుట్ట నుంచే వచ్చింది, దాని మూలార్థం రొట్టెల బుట్ట. రెండవ ప్రపంచయుద్ధం తరువాత బ్రిటిష్ యాత్రికులు మిగులు సైనిక సామగ్రిలో దొరికిన కాన్వాసు సంచులను బండికి ఇరువైపులా తాళ్ళతో కట్టుకొనేవారు. అవి తడిసేవి, జారేవి, సైలెన్సరు వేడికి కమిలేవి, అన్నిటికంటే ముఖ్యంగా రాత్రి బసలో లోపలికి తీసుకువెళ్ళాలంటే ముళ్ళన్నీ విప్పవలసి వచ్చేది.

కెన్ క్రేవెన్, మోలీ క్రేవెన్ అన్న ఆంగ్ల దంపతులు ఐరోపా అంతటా చేసిన మోటారుసైకిలు యాత్రల అనుభవంతో 1950లలో గట్టి పెట్టెల తయారీ మొదలుపెట్టారు. గాజుపీచుతో చేసిన వారి పెట్టెలు వానకు తడవవు, తాళం వేసుకోవచ్చు, ఇనుప చట్రం మీద కూర్చుంటాయి. యాత్ర చేసినవారే యాత్రాసామగ్రి తయారుచేయడం ఈ రంగంలో పదేపదే కనిపించే సంగతి. జర్మనీలో ట్యాంకు మీద పెట్టుకునే తోలుసంచికి హారో సంస్థ ఎలెఫాంటెన్‌బాయ్ అని పేరుపెట్టింది. ఎర్న్‌స్ట్ లెవెర్కుస్ అనే పాత్రికేయుడు 1956 చలికాలంలో స్టుట్‌గార్ట్ దగ్గర మొదలుపెట్టిన ఏనుగుల కలయిక, అంటే ఎలెఫాంటెన్‌ట్రెఫెన్, ఆ రోజుల్లో దూరప్రయాణికుల పండుగ. మంచులో గుడారాలు వేసుకొనే ఆ కలయికకు ఆకుపచ్చ ఏనుగు అని పేరుపడిన త్సుండాప్ కేఎస్ 601 బండ్లవారు మొదట చేరడం వల్ల ఆ పేరు వచ్చింది.

1970లలో జర్మనీలోని బీఎండబ్ల్యూ అమ్మకందారు మైక్ క్రౌజర్ తెచ్చిన పెట్టెలు అసలైన మలుపు. ఒక పిడిని తిప్పితే పెట్టె మొత్తంగా బండి నుంచి ఊడివస్తుంది, దాన్ని సూట్‌కేసులాగా చేత్తో పట్టుకొని గదిలోకి నడవవచ్చు. పొద్దున తిరిగి గాడిలో తోస్తే అదే బిగుసుకుంటుంది. బీఎండబ్ల్యూ వాటిని తన బండ్లకు అనుబంధ సామగ్రిగా అమ్మడంతో పెట్టె బయటివాడి వస్తువు నుంచి బండిలో భాగం కావడం మొదలైంది. 1969లో ప్రపంచ పోటీల 350 సీసీ తరగతిలో మూడో స్థానం పొందిన ఇటలీ పందెగాడు జుసెప్పె విజెంజి, 1978లో బ్రెషా ప్రాంతంలో తన పేరులోని మొదటి అక్షరాలతో గివి సంస్థను స్థాపించి, ఒకే తాళంచెవితో పెట్టెను తెరవడం, ఊడదీయడం రెండూ కుదిరే పద్ధతిని అన్ని కంపెనీల బండ్లకూ అందించాడు.

పెట్టె ఎంత బాగున్నా పెరికె నియమం మారలేదు. మోటారుసైకిలు అధికవేగంలో పాములా మెలికలు తిరిగే ఒక ఊపుకు లోనవుతుంది. సెకనుకు 2 నుంచి 4 సార్లు బండి మొత్తం ఎడమకూ కుడికీ తూలే ఆ ఊపును వీవ్ అంటారు. బరువు వెనుక ఇరుసుకు వెనుకగానూ ఎత్తుగానూ పేరుకున్న కొద్దీ ఈ ఊపు తక్కువ వేగంలోనే మొదలై, తగ్గడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. పక్కపెట్టెలకంటే సీటు వెనుక ఎత్తున కూర్చునే టాప్ బాక్సు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే, పెట్టెల మూతల లోపలివైపు గంటకు 120 లేదా 130 కి.మీ. మించరాదనీ, ఇన్ని కిలోలకు మించి నింపరాదనీ అంటించే చీటీలకూ ఆధారం ఇదే. పనిముట్లు, నీళ్ళు వంటి బరువైనవి పక్కపెట్టెల అడుగున సీటు వైపుకూ, బట్టలు పైనా, వాన కోటు అన్నిటికంటే పైనా సర్దుకోవడం, బరువు పెరిగినప్పుడు వెనుక స్ప్రింగు బిగువునూ టైరు గాలినీ పెంచడం, బిగువు పెంచాక హెడ్‌లైటు వెలుగు ఎదుటివారి కళ్ళలో పడకుండా దించడం పెట్టెల తయారీతో పాటే అలవాటైన క్రమశిక్షణ.

మూడవది గాలి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం 80 నుంచి 160 కి.మీ.కి రెట్టింపైతే ఎదురుగాలి తోపు నాలుగు రెట్లవుతుంది. ఆ తోపును మొత్తంగా చేతులతోనూ మెడతోనూ భరించే మనిషి గంటకే అలసిపోతాడు. ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ 1954లో చూపిన బ్లాక్ ప్రిన్స్ బండి, ఇంజిన్‌నూ చక్రాలనూ మనిషినీ గాజుపీచు తొడుగులతో కాపాడుతూ ఈ సమస్యను చాలా ముందుగానే గుర్తించింది, కాని మరుసటి ఏడాదే ఆ కంపెనీ మోటారుసైకిళ్ళ తయారీ ఆగిపోయింది. ఇటలీలో మోటో గుజ్జి మాండెల్లో పట్టణంలో 1950లో కట్టిన గాలిసొరంగం, అంటే బండిని నిలిపి దానిపైకి గాలిని వదిలి కొలిచే గది, పందేల కోసమే పుట్టినా 1978 నాటి 1000 ఎస్‌పి యాత్రాబండి ముఖకవచాన్ని కూడా తీర్చిదిద్దింది.

ఆ దశాబ్దంలో దూరప్రయాణపు బండి రెండుగా చీలడానికి చట్టాలే కారణమని చెప్పవచ్చు. ఇంధన సంక్షోభం తరువాత 1974లో అమెరికా దేశమంతటా వేగాన్ని గంటకు 55 మైళ్ళకు, అంటే 88 కి.మీ.కి కట్టడి చేసింది. ఆ వేగంలో, తిన్నని రోడ్ల మీద, వెడల్పాటి సీటూ పెద్ద అద్దమూ సంగీతమూ ఉన్న బరువైన బండే సుఖం. క్రెయిగ్ వెటర్ తయారుచేసిన విండ్‌జామర్ గాలికవచాలు తగిలించుకొన్న హోండా గోల్డ్ వింగులు ఆ దారిలో నడిచాయి, 1980లో హోండాయే పెట్టెలతో కవచంతో సహా ఇంటర్‌స్టేట్ రూపాన్ని అమ్మింది. జర్మనీ మాత్రం 1973 చివర ఆటోబాన్ మీద పెట్టిన 100 కి.మీ. పరిమితిని కొద్ది నెలలకే ఎత్తివేసి, 130 కి.మీ.ని సలహాగా మాత్రమే మిగిల్చింది. గంటకు 160 కి.మీ. వేగంతో ఆటోబాన్ దాటి, ఆ మధ్యాహ్నమే 2,757 మీటర్ల ఎత్తున్న స్టెల్వియో కనుమలో, ప్రాతో వైపునున్న 48 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కవలసిన జర్మన్ యాత్రికుడికి అమెరికా సోఫా పనికిరాదు. అతని కోసం పుట్టినదే 1976లో బీఎండబ్ల్యూ విడుదల చేసిన ఆర్ 100 ఆర్ఎస్. హాన్స్ మూట్ రూపకల్పన చేసి, ఇటలీలో పినిన్‌ఫరీనా గాలిసొరంగంలో తీర్చిన దాని నిండు ముఖకవచం గాలిని మనిషి భుజాల మీదుగా మళ్ళించడమే కాక ముందు చక్రాన్ని నేలకు ఒత్తిపట్టి ఉంచుతుంది. 980 సీసీ, 70 హార్స్‌పవరు, షాఫ్టు, క్రౌజర్ పెట్టెలు, కర్మాగారమే అమర్చిన కవచం అన్నీ మొదటిసారిగా ఒకేచోట కలిశాయి. స్పోర్ట్ టూరింగ్ తరగతికి జన్మతేదీ చెప్పమంటే ఈ వ్యాసం చూపే సంవత్సరం 1976.

తరువాతి పాతికేళ్ళలో జరిగినది ఆ కలయికను నాలుగు సిలిండర్లకు విస్తరించడమే. 1983లో నీటితో చల్లబడే ఇంజిన్‌తో బీఎండబ్ల్యూ కె 100 ఆర్ఎస్ వచ్చింది. 1988లో మోటారుసైకిళ్ళలో మొదటిసారిగా ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే అమరిక, ఆ కుటుంబం బండ్లకే దక్కింది. 1986లో కవాసాకి తన పందెపు తరహా ఇంజిన్‌ను కాస్త మెత్తబరచి, షాఫ్టు, పెట్టెలు, 28 లీటర్లకు పైగా పట్టే ట్యాంకు చేర్చి జీటీఆర్ 1000ను తయారుచేసింది, అమెరికాలో కాంకర్స్ పేరుతో అది పెద్ద మార్పు లేకుండా 2006 దాకా అమ్ముడైంది. హోండా 1990లో తెచ్చిన ఎస్‌టీ 1100 పాన్ యూరోపియన్ వెనుక ఆ కంపెనీ జర్మనీ శాఖ ఒత్తిడి ఉంది. 1084 సీసీ వి ఆకారపు నాలుగు సిలిండర్లు, సీటు కిందిదాకా దిగి బరువును నేలకు దగ్గరగా ఉంచే 28 లీటర్ల ట్యాంకు, బండి పక్కకు పడినా కవచం విరగకుండా ఆపే దిమ్మెలు అన్నీ రోజుకు వెయ్యి కిలోమీటర్లు నడిపేవాడి అవసరాలు తెలిసినవారు కూర్చినవే. ఐరోపా పోలీసు దళాలు చాలావాటిలో అది చేరడం సహజమే. 2001లో యమహా ఎఫ్‌జేఆర్ 1300 ఆ దారినే మరింత వేగంగా నడిచింది.

కవచం వచ్చిన తరువాత నిర్వహణ తగ్గినట్టు కనిపించింది గాని నిజానికి అది లోపలికి వెళ్ళి దాక్కుంది. ట్యాపెట్ల ఎడం, అంటే ఇంజిన్‌లోకి గాలిని పంపి పొగను వదిలే వాల్వులకూ వాటిని నొక్కే భాగాలకూ మధ్య వదలవలసిన సన్నని సందు, దీనికి మంచి ఉదాహరణ. ఆర్ 100 ఆర్ఎస్ సిలిండర్లు బయటికి పొడుచుకొని ఉంటాయి కాబట్టి మూడు నట్లు విప్పి మూత తీసి, ఫీలర్ గేజ్ అనే ఉక్కు రేకును సందులో జొనిపి, 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉండవలసిన ఆ ఎడాన్ని స్క్రూతో సరిచేయవచ్చు, అరగంట పని. తెలుగు ప్రాంతాల పాత బుల్లెట్ మెకానిక్కులు పుష్‌రాడ్డును రెండు వేళ్ళతో తిప్పి, అది పైకీ కిందికీ కదలకుండా తేలికగా తిరిగితే చాలని గేజ్ లేకుండానే సెట్ చేసిన విద్య కూడా ఈ కోవలోదే. ఎఫ్‌జేఆర్ వంటి బండిలో ఆ సందును 42,000 కి.మీ.కి ఒకసారి చూస్తే సరిపోతుంది, కాని ఆ రోజున కవచం, ట్యాంకు, గాలిపెట్టె అన్నీ ఊడదీసి, కామ్ షాఫ్టులను లేపి, సరైన మందమున్న చిన్న ఉక్కు బిళ్ళలు మార్చాలి. డుకాటి 1997లో స్పోర్ట్ టూరిస్మో అన్న అర్థంలో ఎస్‌టీ 2 అని పేరుపెట్టిన బండిలో వాల్వులను మూయడానికి కూడా స్ప్రింగు బదులు మరొక చేయి ఉంటుంది కనుక ప్రతి వాల్వుకూ రెండు సందులు సరిచేయాలి. షాఫ్టు బండ్లు సైతం పూర్తిగా సాధువులు కావు. కె 100 వంటి వాటిలో షాఫ్టు కొసలనున్న గాడులకు, అంటే స్ప్లైన్లకు, వెనుక చక్రం భాగాలు విప్పి గ్రీజు పెట్టకపోతే అవి చప్పుడు లేకుండా అరిగి ఒకనాడు దారిలో చక్రానికి శక్తి అందడం ఆగిపోతుంది. ఏటా కంటికి కనిపించే పనికన్నా అయిదేళ్ళకొకసారి వచ్చే కనిపించని పనే బండ్లను ఎక్కువగా చంపింది.

టైర్ల విషయంలో మాత్రం లాభం నిఖార్సైనది. పాత బీఎండబ్ల్యూల సీటు కింద పనిముట్ల మూటతో పాటు ట్యూబు అతుకుల డబ్బీ, చేతులు తుడుచుకునే గుడ్డ, చట్రానికి తగిలించిన చేతిపంపు కూడా కర్మాగారం నుంచే వచ్చేవి. పంక్చరైతే చక్రం విప్పి, ఇనుప పట్టీలతో టైరును రిమ్ము నుంచి తప్పించి ట్యూబు అతకవలసి వచ్చేది. ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక చక్రం విప్పకుండానే రంధ్రంలోకి జిగురు పూసిన రబ్బరు తాడును తోసి గాలి నింపితే ఊరు చేరవచ్చు.

చరిత్ర ఇక్కడ తిరిగి మొదటికి వచ్చింది. కవాసాకి నింజా 1000, సుజుకి జీఎస్ఎక్స్-ఎస్ 1000 జీటీ వంటి ఈ కాలపు స్పోర్ట్ టూరర్లు బరువూ ధరా తగ్గించడం కోసం షాఫ్టును వదిలి చైనుకే మళ్ళాయి, పైగా వాటికి కర్మాగారం నుంచి డబుల్ స్టాండు కూడా రాదు. కనుక విశాఖపట్నం నుంచి అరకు ఘాటు ఎక్కినవాడైనా, ఆల్ప్స్ దాటినవాడైనా, 600 నుంచి 1,000 కి.మీ.కి ఒకసారి బండి వెనుక భాగాన్ని విడి స్టాండు మీద లేపి, ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, 1950ల బ్రిటిష్ యాత్రికుడిలాగానే చైనుకు తానే నూనె పెట్టుకోవాలి.